చేనంతా కాదు.. బిగుసుకున్న చోటే లోతు దుక్కి

ఇనుప చువ్వ, తెల్లకాగితం ఉంటే చాలు.. నేల బిగువు పటం మీరే గీసుకోవచ్చు

ఒకటే చేను. ఒకటే విత్తనం. ఒకే రోజు పెట్టిన గింజలు. పడమటి గట్టు వైపు పత్తి నడుము దాటి ఎదిగింది. తూర్పున బండ్లబాట పక్కన మాత్రం మోకాలి దగ్గరే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండకు ముందుగా తల వాల్చేవి ఆ మొక్కలే. రెండు రోజులు వాన పడితే నీరు నిలిచేది అక్కడే. పది రోజులు వాన మొహం చాటేస్తే బెట్టకొచ్చేదీ అక్కడే.

చిలకలూరిపేట వైపు ఒక ఊళ్లో మా బాబాయి చేను ఇది. మొత్తం మూడెకరాల నల్లరేగడి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేస్తాడు. ఆ తూర్పు ముక్కకు రెండేళ్లపాటు యూరియా ఎక్కువ వేశాడు. మందుల కొట్లో చెప్పుకుంటే ఏవో సూక్ష్మపోషకాల సీసాలు ఇచ్చారు, అవీ కొట్టాడు. వేరుకుళ్లు అనుకుని మొదళ్లలో మందు పోశాడు. ఫలితం లేదు.

"తెగులో పురుగో తెలిస్తే గదా అబ్బాయ్ మందు కొట్టేది. ఏందో తెలియకుండానే డబ్బులన్నీ ఆ ముక్కలోనే పోస్తన్నా" అన్నాడు.

ఒక మొక్కను వేరు తెగకుండా గడ్డపారతో తవ్వి తీశాం. తల్లివేరు జానెడు లోతు దిగి, అక్కడి నుంచి పక్కకు తిరిగింది. బండకు కొట్టిన మేకు వంగినట్టు వంగింది. పైన జానెడు మట్టి పొడిపొడిగా ఉంది. దాని కింద మట్టి పలకలు పలకలుగా లేచింది. గడ్డపార దెబ్బకు ఠంగుమంది. అంటే రోగం మొక్కకు కాదు, నేలకు. మందు పోయాల్సిన జబ్బు కాదిది, దుక్కితో కుదర్చాల్సిన జబ్బు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. నేల బిగుసుకుందని తెలియగానే చేనంతా లోతు దుక్కి దున్నిస్తే డీజిలు ఖర్చు తడిసి మోపెడవుతుంది. బిగువు లేని చోట అంత లోతు దున్నినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అందుకే ముందు చేనులో ఎక్కడ బిగుసుకుందో, ఎంత లోతున బిగుసుకుందో పటం గీసుకోవాలి. తర్వాత ఆ చోటునే, ఆ లోతుకే దున్నాలి. పెద్ద దేశాల్లో ఖరీదైన యంత్రాలతో చేసే ఈ 'ప్రెసిషన్' సేద్యాన్ని మన చిన్న రైతు ఒక ఇనుప చువ్వతో చేసుకోవచ్చు.

నేల ఎందుకు బిగుసుకుంటుంది?

మంచి నేలలో సుమారు సగం మట్టి, సగం ఖాళీ. ఆ ఖాళీల్లోనే గాలి, నీరు ఉంటాయి. వేరు దిగేది కూడా ఆ సందుల్లోంచే. పైనుంచి బరువు పడితే ముందుగా మూసుకుపోయేవి పెద్ద సందులు. అవి మూసుకుంటే నీరు కిందికి ఇంకదు, వేరుకు గాలి ఆడదు.

ఎడ్ల నాగలి రోజుల్లోనూ గట్టి పొర ఉండేది. ఏటా ఒకే లోతులో దున్నితే నాగలి అడుగున మట్టి నునుపుదేలి పలకకట్టేది. ఇప్పుడు దానికి ట్రాక్టరు బరువు తోడైంది. 45, 50 హార్స్‌పవర్ ట్రాక్టరు ఒక్కటే రెండు టన్నుల దాకా తూగుతుంది. వెనక గొర్రో, రోటావేటరో, బస్తాలు నింపిన ట్రక్కో ఉంటే ఆ బరువు వేరే. నేల పొడిగా ఉన్నప్పుడు ఈ బరువును చాలావరకు తట్టుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు తట్టుకోలేదు. పైగా జరిగే నష్టంలో ఎక్కువ భాగం మొదటి తొక్కుడులోనే జరిగిపోతుంది. "ఒక్కసారే గదా దించింది" అనుకోవడానికి లేదు.

రోటావేటరు సంగతి చూడండి. పైన నాలుగైదు అంగుళాలు పిండిలాగా చేస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తడి మీద తిప్పితే దాని కత్తులు అడుగు మట్టిని మెత్తి, గోడకు పూసినట్టు పూస్తాయి. ఏటా అదే లోతులో తిప్పితే ఆ పూత పొరగా మారుతుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాలు చాలా మాగాణి అయ్యాయి. వరికి దమ్ము చేయడమంటే నీళ్లు ఇంకకుండా కింద గట్టి పొరను కావాలని తయారు చేయడమే. వరికి అది మేలు. నీళ్లు చాలని ఏడు అదే పొలంలో పత్తో మిరపో వేస్తే ఆ పొరే అడ్డు గోడ అవుతుంది.

నల్లరేగడికి దేవుడిచ్చిన గుణం ఒకటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో బాగా ఎండి, తొలకరికి తడిసిన రేగడి తన బిగువును తానే కొంత సడలించుకుంటుంది. అందుకే ఏటా లోతు దుక్కి అక్కర్లేదు. వేసవిలోనూ తడి పైరు వేసి, నేలకు ఎండే వ్యవధి ఇవ్వని చోట మాత్రం ఈ వైద్యం సరిగా సాగదు. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎర్రనేలలకు ఈ ఉబ్బే గుణం తక్కువ. అక్కడ వాన వెలిసి ఎండ కాస్తే పై పొర అట్టకడుతుంది, కింద బిగుసుకున్నది తనంత తాను విడిపోదు.

వేరుకు ఎంత బిగువు అడ్డం?

1963లో అమెరికాలో టేలర్, గార్డ్‌నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అచ్చంగా పత్తి మొలకల తల్లివేర్ల మీదే పరీక్షలు చేశారు. మట్టి బిగువు పెరిగేకొద్దీ దాన్ని చీల్చుకుని దిగే వేర్లు తగ్గిపోయాయి. ఆ తర్వాత జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, చదరపు సెంటీమీటరుకు సుమారు 20 కిలోల ఒత్తిడి పెడితే తప్ప దిగని మట్టిలో చాలా పైర్ల వేర్లు దాదాపు ఆగిపోతాయని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. దీన్ని కొలిచే పరికరాన్ని పెనెట్రోమీటరు అంటారు. మొన ఉన్న చువ్వ, పైన ఒత్తిడి చూపే మీటరు, అంతే.

పత్తికి అడ్డు లేకపోతే తల్లివేరు మూడడుగులు దాటి కూడా దిగుతుంది. అందుకే అది బెట్టను ఓర్చుకుంటుంది. జానెడు దగ్గరే ఆగితే ఆ ఓర్పు ఎక్కడిది? మిరప సంగతి వేరు. నారు పీకి నాటేటప్పుడు తల్లివేరు చాలావరకు తెగిపోతుంది. పక్కవేర్లు పై అడుగులోనే అల్లుకుంటాయి. కింద గట్టి పొర ఉంటే ఆ వేర్లున్న చోటే నీరు నిలిచి, గాలి ఆడక మొక్క వడలిపోతుంది. ఉరకెత్తిన మొక్కకు వేరుకుళ్లు తేలిగ్గా పట్టుకుంటుంది. మందు పోసినా ఆగదు. నీళ్లు ఇంకే దారి లేదు గనుక.

మట్టి పరీక్షలో ఇది తేలదా అని అడగవచ్చు. తేలదు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక, లవణాల పరిమాణం, సేంద్రియ కర్బనం చెబుతారు. నేల బిగువు అందులో లేదు. మట్టిని తవ్వి సంచిలో పోసిన క్షణమే బిగువు పోతుంది. దాన్ని చేలో నిలబడే చూడాలి.

చువ్వ చేయించుకోండి

వెల్డింగు షాపులో 10 మిల్లీమీటర్ల నున్నటి ఇనుప చువ్వ మూడడుగులు కోయించండి. పైన చేతులతో నొక్కడానికి అడ్డపిడి అతికించమనండి. కింద శంఖు ఆకారంలో మొన పెట్టించండి. మొన చువ్వ కన్నా కాస్త లావుగా, 12 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే రేగడి బంకమట్టి చువ్వ పక్కలను పట్టుకుని తప్పు లెక్క చూపిస్తుంది. మొన నుంచి పైకి రెండేసి అంగుళాలకు ఒక గీత పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క చూడండి. 12 మిల్లీమీటర్ల మొనకు వైశాల్యం చదరపు సెంటీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. చదరపు సెంటీమీటరుకు 20 కిలోలంటే ఈ చువ్వ మీద 22, 23 కిలోల బరువు మోపినట్టు. ఇప్పుడు వస్తున్న యూరియా బస్తా 45 కిలోలు. అందులో సగం అన్నమాట. మిల్లులోనో, కొట్లోనో ఉన్న కాటా మీద చెక్కముక్క పెట్టి, దాని మీద చువ్వ నిలబెట్టి, ముల్లు 23 చూపేదాకా నొక్కండి. నాలుగైదుసార్లు నొక్కితే ఆ బరువు చేతికి అలవాటవుతుంది. చేలో అంతే బలంతో నొక్కాలి. ఆవేశంగా గుచ్చకూడదు. నింపాదిగా, ఒకే తీరున దించాలి. అన్ని చోట్లా ఒకే మనిషి నొక్కాలి.

ఎప్పుడు గుచ్చాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. వేసవిలో రేగడి అంతా రాయే. ఎక్కడ గుచ్చినా దిగదు. వాన పడుతుండగా గుచ్చితే అంతా వెన్నే. మంచి వాన పడి లోపలిదాకా తడిసి, పైన నీరు ఇంకిపోయాక రెండు మూడు రోజులకు చూడాలి. ఎర్రనేలల్లో ఒకటి రెండు రోజులకే చూడవచ్చు. జూలై నుంచి అక్టోబరు దాకా ఎప్పుడైనా వీలు దొరుకుతుంది. పైరు ఉన్నా ఫర్వాలేదు, సాళ్ల మధ్య గుచ్చండి. చేనంతా ఒకే రోజు పూర్తి చేయాలి. సగం ఈ రోజు, సగం వారం తర్వాత చేస్తే మీ పటం తడిని చూపిస్తుంది, బిగువును కాదు.

పటం గీసే పద్ధతి

నలుచదరపు ఎకరానికి ఒక పక్క 209 అడుగులు. మామూలు నడకలో 84 అడుగులు వేస్తే దాటుతాం. గట్టు నుంచి 10 అడుగులు వేసి మొదటి చోటు, తర్వాత 21 అడుగులకొకటి చొప్పున ఇంకో మూడు చోట్లు. ఇలా నాలుగు వరుసలు నడిస్తే ఎకరానికి 16 చోట్లు. ఒక్కో చోటు 6 సెంట్ల పైచిలుకు నేలకు లెక్క. చేను వంకరటింకరగా ఉన్నా ఇదే దూరం పాటించండి.

ఒక్కో చోట మూరెడు ఎడంలో మూడుసార్లు గుచ్చండి. సగం బస్తా బలానికి చువ్వ ఎన్ని అంగుళాల దగ్గర ఆగిందో చూసి, మూడింటిలో మధ్య అంకె రాసుకోండి. టింగుమని చప్పుడొస్తే అది రాయో, సున్నపు గడ్డో. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా పక్కన మళ్లీ గుచ్చండి. తర్వాత మరికాస్త బలం పెట్టి నొక్కండి. కొన్ని చోట్ల గట్టి పొర దాటగానే చువ్వ చటుక్కున జారుతుంది. అది ఎన్ని అంగుళాల దగ్గరో కూడా రాయండి. మొదటిది పొర పైకప్పు, రెండోది దాని అడుగు. దుక్కి లోతు నిర్ణయించేది ఆ రెండో అంకే.

ఇంటికొచ్చి తెల్లకాగితం మీద చేను గట్లు, బాట, బావి, చెట్టు, కాలువ గీయండి. అంకెలు వాటి వాటి చోట రాయండి. 18 అంగుళాల దాకా అడ్డు లేకుండా దిగిన చోట ఆకుపచ్చ చుక్క పెట్టండి. 10 నుంచి 18 మధ్య ఆగిన చోట పసుపు. 10 లోపే ఆగిన చోట ఎరుపు. పిల్లల రంగు పెన్సిళ్లు చాలు. చేనుకు ఎక్కడ జబ్బుందో ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

బాబాయి చేను పటం ఇలా తేలింది

మూడెకరాలకు 48 చోట్లు. నేను అంకెలు రాస్తుంటే బాబాయి చువ్వ నొక్కాడు. ఎర్ర చుక్కలు 13 పడ్డాయి. అందులో 8 తూర్పున బండ్లబాట వెంట, ట్రాక్టరు మలుపు తిప్పే చోట. 3 చోట్లు నడిమి చేలో, ఏటా మిరపకాయలు ఆరబోసే కల్లం ఉన్న చోట. అక్కడ మనుషుల తొక్కుడు, టిక్కీలు ఎత్తే ట్రక్కు తొక్కుడు రెండూ ఉన్నాయి. మిగిలిన 2 పల్లపు మూల.

"ఇన్నేళ్ల నుంచి తిరుగుతున్న చేను, నాకే తెలియలా" అని కాగితం వంక చాలాసేపు చూశాడు.

13 చోట్లంటే సుమారు 81 సెంట్లు. మూడెకరాలకూ లోతు దుక్కి చేయించాలనుకున్నవాడికి పని ఎకరం లోపుకు వచ్చింది. అక్కడితో ఆగలేదు. పటం గీశాక ఎర్ర చుక్కలున్న ప్రతి ముక్కలో ఒక గుంట తవ్వి చూడాలి. పలకలుగా లేస్తే, వేర్లు పక్కకు తిరిగి ఉంటే అది తొక్కుడు బిగువే. పల్లపు మూలలో తవ్వితే పలకలు లేవు. మట్టి ముద్దను గ్లాసు నీళ్లలో వేస్తే నీళ్లు తేరుకోకుండా బురదగానే ఉండిపోయాయి. భూసార కార్డు తీసి చూస్తే ఆ మూల ఉదజని సూచిక 8.5 దాటింది. అది చౌడు బిగువు. సోడియం పట్టిన మట్టి అది. దానికి ఉలి నాగలి కాదు, మట్టి పరీక్షను బట్టి జిప్సం వేసి, మురుగునీరు పోయే దారి చేయాలి. ఆ రెండు చోట్లూ తీసేస్తే దుక్కికి మిగిలింది 69 సెంట్లు.

ఉలి నాగలి: ఎక్కడ, ఎంత లోతు, ఎప్పుడు?

గట్టి పొరను పగలగొట్టడానికి ఉలి నాగలి గానీ, సబ్‌సాయిలరు గానీ వాడాలి. ఇవి మట్టిని తిరగేయవు, చీల్చి కుదుపుతాయి. డిస్కు నాగలితో మరీ లోతుకు పోతే అడుగునున్న సున్నపు మట్టి, చౌడు మట్టి పైకి వచ్చే ప్రమాదముంది.

లోతు: పొర అడుగుకు ఒకటి రెండు అంగుళాలు కిందికి చాలు. పటంలో పొర అడుగు 13 అంగుళాలని ఉంటే 15 అంగుళాలు దించండి. రెండడుగులు దించితే ఇంకా మంచిదనుకోవద్దు. లోతు పెరిగేకొద్దీ లాగే బరువు, డీజిలు బాగా పెరుగుతాయి.

ఎడం: పొర మొత్తం విడిపోవాలంటే చాలుకు చాలుకు మధ్య దూరం దుక్కి లోతుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు ఉండాలి. 15 అంగుళాల లోతుకు 15 నుంచి 22 అంగుళాలన్నమాట. డబ్బులు చాలకపోతే పత్తి సాలు వచ్చే చోట మాత్రమే ఒక్కో చాలు తీయించి, గింజ ఆ చాలు మీదే పెట్టండి. తల్లివేరుకు దారి దొరుకుతుంది.

అదను: మట్టి పొడిగా ఉండి పెళ్లలుగా పగలాలి. గట్టి పొర లోతు నుంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య నులమండి. అగ్గిపుల్ల కన్నా కాస్త లావు పురిగా సాగితే ఇంకా తడి ఉన్నట్టే, ఆగండి. పురి కాకుండా విరిగిపోతే అదును కుదిరినట్టు. తడి మీద దించితే పొర పగలదు. వెన్నలో కత్తి దించినట్టు గాడి పడి, దాని అంచులు ఇంకా బిగుస్తాయి. డబ్బులు పెట్టి చెడగొట్టుకోవడమే. పైరు తీశాక మార్చి, ఏప్రిల్ నెలలు అనుకూలం. లేచిన పెద్ద పెళ్లలు ఎండకు ఎండి, తొలకరికి తడిసి విచ్చుకుంటాయి.

ఇప్పుడు పటం ఎందుకో అర్థమై ఉంటుంది. బిగువు తెలిసేది వానాకాలంలో, దున్నాల్సింది వేసవిలో. ఈ రెండింటి మధ్య ఆరు నెలలు గుర్తుండాలంటే కాగితం మీద ఉండాల్సిందే.

ఇతర చోట్ల ఏం తేలింది?

అమెరికాలో అలబామా రాష్ట్రం పత్తికి పెట్టింది పేరు. అక్కడి రైతులు గట్టి పొర కోసం ఏటా చేనంతా లోతు దుక్కి చేసేవాళ్లు. ఆబర్న్‌లోని ప్రభుత్వ నేలల ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2000 తర్వాతి సంవత్సరాల్లో బిగువు లోతు కొలిచి, ఆ లోతుకే దున్ని చూశారు. చేనంతా లోతుగా దున్నిన దానికి దీటుగా దిగుబడి వచ్చింది. ట్రాక్టరు లాగే బరువు, డీజిలు తగ్గాయి.

మన పక్కన తమిళనాడులో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో 2004-05లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రెసిషన్ సేద్యం పథకం మొదలుపెట్టింది. తెలుగు రైతులు చాలామంది ఉన్న ప్రాంతమది. డ్రిప్పు, నీటిలో కరిగే ఎరువుల మాట అందరికీ తెలుసు. ఆ పథకంలో డ్రిప్పు కన్నా ముందు చేయించిన పని ఉలి నాగలితో గట్టి పొర పగలగొట్టడం. వేరుకు దారి లేకుండా పైన ఎన్ని చుక్కలు పోసినా ప్రయోజనం లేదని వాళ్లు గుర్తించారు.

"ముక్కలకు రాను" అంటే?

పద్ధతి బాగుంది గానీ, చిన్న రైతుకు అసలు ఇబ్బంది ఇక్కడుంది. "ముప్పావు ఎకరానికి ఉలి నాగలి కట్టుకుని రమ్మంటావా పెదనాన్నా, డీజిలు కూడా గిట్టదు" అన్నాడు ట్రాక్టరు కుర్రాడు మా బాబాయితో. అతని మాటలోనూ న్యాయముంది.

చివరికి పక్క చేల వాళ్లు ముగ్గురు అదే చువ్వ అడిగి తీసుకుని తమ చేలలోనూ గుచ్చి చూసుకున్నారు. ఒకరికి అర ఎకరం, ఒకరికి ఎకరం, ఒకరికి 40 సెంట్లు తేలింది. నాలుగు చేలూ కలిపి ఒకే రోజు పని చూపిస్తే ట్రాక్టరు వచ్చింది. గంటల లెక్కన డబ్బులు పంచుకున్నారు. ఎర్ర చుక్కల ముక్కలకు ముందే నాలుగు మూలలా కర్రలు పాతి, గుడ్డ పేలికలు కట్టి పెట్టారు. డ్రైవరుకు ఎక్కడ దించాలో ఎక్కడ ఎత్తాలో చెప్పే పని లేకపోయింది. మీ ఊళ్లోనూ ఇలా కలవవచ్చు. ఉలి నాగలి మీ మండలంలో ఎవరి దగ్గర ఉందో రైతు సేవా కేంద్రంలో వాకబు చేయండి.

కౌలు రైతుల బాధ ఇంకోటి. ఈ ఏడు చేసిన దుక్కి ఫలితం మూడేళ్లు ఉండవచ్చు, కౌలు మాత్రం ఒక్క ఏడాదే. వచ్చే ఏడు ఆ చేను ఎవరిదో? అటువంటప్పుడు లోతు దుక్కి ఖర్చులో భాగం పెట్టమని, లేదా రెండేళ్ల కౌలుకు ఒప్పుకోమని పటం చూపించి అడగండి. ఒట్టి మాట కన్నా కాగితం మీద ఎర్ర చుక్కలకు విలువ ఎక్కువ. కౌలు మాట్లాడుకోకముందే, వాన పడ్డ అదునులో చువ్వతో నాలుగు చోట్ల గుచ్చి చూసుకున్నా మంచిదే. మిరపకు పెట్టే పెట్టుబడి తక్కువేం కాదు. అది బిగుసుకున్న నేలలో పోస్తున్నామా అన్నది ముందే తెలియాలి.

మళ్లీ బిగుసుకోకుండా..

పగలగొట్టిన నేలను తడి మీద ఒక్కసారి ట్రాక్టరుతో తొక్కిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోవాలి.

* చేలోకి ట్రాక్టరు వచ్చి పోవడానికి ఒకటే దారి పెట్టుకోండి. ఆ దారి ఎలాగూ గట్టిపడుతుంది, మిగతా చేను బతుకుతుంది.

* ట్రక్కును చేను మధ్యకు తోలకుండా బాట మీదే నిలపండి. పత్తి, మిరప బస్తాలు అక్కడికే మోయించండి.

* మిరప కల్లం ఏటా చేలో కొత్త చోట వేయవద్దు. గట్టు పక్కన ఒకే చోటు ఖాయం చేసుకోండి.

* రోటావేటరు ఏటా అదే లోతులో తిప్పవద్దు. పదును చూసి గొర్రు, గుంటకలతో సరిపెట్టుకోగలిగితే అదే మేలు.

* దున్నిన ముక్కలో తొలకరికి జీలుగ గానీ జనుము గానీ చల్లి, పూతకు ముందే కలియదున్నండి. వీలైతే కందిని పంట మార్పిడిలో పెట్టండి. లోతుకు దిగే కంది వేరు చనిపోయాక మిగిల్చే కన్నం, తర్వాత వచ్చే పైరు వేరుకు సిద్ధంగా ఉన్న బాట.

* చివికిన పశువుల ఎరువు ఉన్నది కొంచెమే అయితే, చేనంతా పలచగా చల్లే బదులు ఎర్ర చుక్కల ముక్కకే ముందు వేయండి.

* రెండు మూడేళ్లకు ఒకసారి అవే చోట్ల మళ్లీ గుచ్చి, పాత పటం పక్కన కొత్తది పెట్టి చూడండి.

సందేహం వస్తే గుంటూరు దగ్గర 1922 నుంచి ఉన్న లాం పరిశోధన స్థానం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను కలవండి. పటం తీసుకుపోండి. పటంతో వెళ్లిన రైతుకు సమాధానం తొందరగా దొరుకుతుంది.

నిరుడు వేసవిలో బాబాయి తూర్పు ముక్కకు, కల్లం చోటుకు ఉలి నాగలి పట్టించాడు. పల్లపు మూలకు మట్టి పరీక్ష చెప్పిన జిప్సం వేశాడు. ఆ వానాకాలంలో వెళ్లి అదే బాట పక్కన ఒక పత్తి మొక్కను తవ్వి చూశాం. తల్లివేరు చాలు వెంట నిలువుగా మూరెడు పైన దిగింది. మధ్యాహ్నం ఎండలో ఆ మొక్కలు పడమటి వాటితో పాటే నిలబడ్డాయి. ఒక్క ఏడాదికే దిగుబడి లెక్కలు కట్టడం తొందరపాటు. కానీ ఆ ముక్కకు అదనపు యూరియా వేయలేదు, మొదళ్లలో మందు పోయలేదు. ఆ డబ్బు మిగిలింది.

చువ్వ మాత్రం బాబాయి ఇంట్లో ఉండటం లేదు. ఊళ్లో చేతులు మారుతూనే ఉంది. ఈసారి మంచి వాన పడ్డాక మూడో రోజు మీరూ ఒక చువ్వ పట్టుకుని చేలోకి దిగండి.